రెండు కర్రలు పట్టేవారికి తలకిందుల సలహాలు

ఫిలిప్పీన్స్ వాళ్ల రెండు కర్రల విద్య నేర్చుకోవాలని ఉంటే, ముందు ఒక కర్రను గోడకు ఆనించి పెట్టేయండి. మిగిలినదాన్ని ఎడమ చేత్తో పట్టుకోండి. కనీసం ఒక నెల మీకు ఆ ఒక్క కర్రే, ఆ ఒక్క చెయ్యే. రెండూ గిరగిరా తిప్పాలన్న ఆశతో వచ్చినవాళ్లకు ఈ మాట చెబితే మొహం చిన్నబోతుంది. ఒకటి లాక్కున్నది చాలక, ఉన్న ఒక్కటీ చేతకాని చేతికి ఇవ్వడమేమిటని అడుగుతారు. అడగడం న్యాయమే. కింద రాసిన సలహాలన్నీ ఈ తీరుగానే ఉంటాయి. వీడియోల్లో, వారాంతపు శిబిరాల్లో వినిపించే మాటలకు ఇవి చాలావరకు ఎదురు. ఆ మాటలు పట్టుకుని ఏళ్ల తరబడి కర్రలు తిప్పినవాళ్ల ఎడమ చెయ్యి ఎక్కడ వేసిన గొంగళి అక్కడే ఉండటం చూశాకే రాస్తున్నాను.

విద్య సంగతి తెలియనివారికి కాస్త. దీనికి అర్నిస్, ఎస్క్రిమా, కాలి అని మూడు పేర్లున్నాయి. ప్రాంతాన్ని బట్టి, గురుపరంపరను బట్టి ఒక్కొక్కరు ఒక్కో పేరు వాడతారు. 2009 డిసెంబరు 11న అప్పటి అధ్యక్షురాలు గ్లోరియా మకపగాల్ అరోయో సంతకంతో వచ్చిన 9850 నంబరు చట్టం అర్నిస్‌ను ఆ దేశపు జాతీయ యుద్ధవిద్యగా, జాతీయ క్రీడగా ప్రకటించింది. బడి పిల్లలు దీన్ని వ్యాయామ పాఠంలో భాగంగా నేర్చుకుంటారు. ఆ దేశం ఆతిథ్యమిచ్చిన 2005, 2019 ఆగ్నేయాసియా క్రీడల్లో ఇది పతకాల పోటీ. దావావోలో, మనీలాలో వైద్యవిద్య చదువుకుంటున్న మన తెలుగు పిల్లలు అక్కడి మైదానాల్లో ఈ కర్రల చప్పుడు వినే ఉంటారు. సెలవుల్లో ఇంటికొచ్చేటప్పుడు ఒక జత కర్రలు పెట్టెలో వేసుకొచ్చినవాళ్లూ ఉంటారు. ఈ సలహాలు ముఖ్యంగా అలాంటివారికి.

రెండు చేతుల్లోనూ ఒకే పొడవు కర్రలు పట్టి చేసే సాధనను సినవాలి అంటారు. ఒక్కో కర్ర సుమారు 28 అంగుళాలు, అంటే మూర కంటే ఎక్కువ, గజం కంటే తక్కువ. అందులో బాగా వాడుకలో ఉన్న వరస ఆరు దెబ్బలది. కుడి కర్ర కుడి భుజం మీద, ఎడమ కర్ర కుడి చంక కింద పెట్టుకుని మొదలుపెడతారు. కుడి చేత్తో ఫోర్‌హ్యాండ్, ఎడమ చేత్తో బ్యాక్‌హ్యాండ్, మళ్లీ కుడి చేత్తో బ్యాక్‌హ్యాండ్. ఈ మూడు అయ్యేసరికి కర్రలు అద్దంలో బొమ్మలా అటుపక్కకు మారతాయి. ఇప్పుడు ఎడమ చేత్తో ఫోర్‌హ్యాండ్, కుడి చేత్తో బ్యాక్‌హ్యాండ్, ఎడమ చేత్తో బ్యాక్‌హ్యాండ్. ఆరూ తల ఎత్తులోనే వేస్తే దాన్ని హెవెన్ సిక్స్ అంటారు. నడిమి దెబ్బ మోకాలి ఎత్తుకు దిగితే అది వేరే వరస. ఓపికున్నవాడికి గంటలో వచ్చేస్తుంది. ఇబ్బందంతా అక్కడే మొదలవుతుంది. గంటలో వచ్చింది కాబట్టి వచ్చేసిందని అనుకుంటారు.

రెండో కర్ర ఉన్నది ఎడమ చేతి కోసం. నేను చెప్పదలచుకున్నదంతా ఈ ఒక్క మాటే. మిగతా సలహాలన్నీ దీంట్లోంచి పుట్టినవే. (మీరు ఎడమచేతి వాటం వారైతే, నేను ఎడమ అన్నచోటల్లా కుడి అని చదువుకోండి. అప్పుడూ లెక్క మారదు.)

కుడి చెయ్యి చిన్నప్పటి నుంచి పని చేస్తూనే ఉంది. ఎడమ చెయ్యి పట్టుకోవడానికి, ఆనడానికి తప్ప కొట్టడానికి ఎరగదు. రెండు చేతులూ కలిసి వరస వేస్తున్నప్పుడు కుడి చెయ్యి నడుమును తిప్పుతుంది, ఆ ఊపులో ఎడమ చెయ్యి కొట్టుకుపోతుంది. చూసేవాళ్లకు రెండూ సమానంగా కొడుతున్నట్టే ఉంటుంది. పరీక్షించుకోవాలంటే పాత లారీ టైరు ఒకటి తాడుతో వేలాడదీయండి. ఆరు దెబ్బల వరసలో కుడి చేతివి మూడూ ఉత్తుత్తిగా గాలిలో వేసి, ఎడమవి మాత్రం టైరు మీద వేయండి. తర్వాత చేతులు మార్చి కుడి చేతివి టైరు మీద వేస్తే అది వెనక్కి ఊగుతుంది. ఎడమతో వేస్తే చాలామంది దగ్గర కర్ర తగిలి జారిపోతుంది, టైరు కదలదు. మణికట్టు వంగిపోయి ఉంటుంది, మోచెయ్యి గాలిలో ఎటో చూస్తుంటుంది. రెండు కర్రలూ పట్టుకుని చేసినంతకాలం ఈ లోపం మీకు గానీ, ఎదుట నిలబడినవాళ్లకు గానీ కనబడదు. కర్రను గోడకు ఆనించమన్నది అందుకే.

ఆ నెలలో ఏం చేయాలి? ఎడమ చేత్తో కర్రను అడుగు చివర నుంచి పిడికెడు వదిలి పట్టండి. వదిలిన ఆ చివరను పున్యో అంటారు, దగ్గరి పోరులో దానితోనూ పొడుస్తారు. ఫోర్‌హ్యాండ్, బ్యాక్‌హ్యాండ్, అంతే. తల ఎత్తులో, మోకాలి ఎత్తులో. ప్రతి దెబ్బకూ ఎడమ తుంటి కదిలిందా లేదా చూసుకోండి. తుంటి కదలకపోతే ఆ దెబ్బ భుజానిది, భుజం త్వరగా అలిసిపోతుంది. కుడి చెయ్యి ఊరికే వేలాడకూడదు. రొమ్ము ముందు తెరిచి ఉంచండి, కర్ర పట్టిన చేతికి కావలిగా. ఎస్క్రిమాలో కర్ర లేని చెయ్యి కూడా పని చేసే చెయ్యే. ఎదుటివాడి మణికట్టును నొక్కిపెట్టేది, కర్ర లాగేది, దారి మూసేది అదే. సెబూ నగరంలో 1932లో మొదలైన డోసే పారెస్ సంఘం నుంచి విడిపోయి వెనాన్సియో బాకోన్ 1950ల ఆరంభంలో బాలింతవాక్ శాఖను నిలబెట్టారు. ఆ శాఖ దాదాపుగా ఒక్క కర్రనే నమ్ముకుంది. అయినా ఆ శాఖవాళ్లు ఆడుతుంటే ఖాళీగా ఉన్న ఎడమ చేతిని గమనించండి. దాని పనితనం చూశాక, రెండు కర్రల సాధన దేనికి పనికొస్తుందో ఒకరు విడమరిచి చెప్పనక్కర్లేదు. ఒక చేత కత్తి, ఒక చేత బాకు పట్టే ఎస్పాడా ఇ దాగాకూ ఇదే పునాది.

ఇక ఇద్దరు కలిసి చేసే సాధన. ఇక్కడ నా సలహా: చప్పుడు వినకండి.

ఈ విద్యకు మనవాళ్లలో చాలామంది సినిమా దారిలోనే వస్తారు. బ్రూస్ లీ 1972లో చిత్రీకరించిన ‘గేమ్ ఆఫ్ డెత్’లో డాన్ ఇనోసాంటో రెండు కర్రలతో నిలబడిన ఘట్టం చూసినవాడికి ఆ టకటక చెవుల్లో ఉండిపోతుంది. ఇనోసాంటో కాలిఫోర్నియాలోని స్టాక్టన్‌లో ఫిలిపినో కుటుంబంలో పుట్టినవారు, బ్రూస్ లీ దగ్గర నేర్చుకున్నవారు, ఆయనకు నంచాకు పరిచయం చేశారని చెబుతారు. ఆ సినిమా 1978లో విడుదలయ్యాక ప్రపంచంలో ఎందరికో ఎస్క్రిమా అంటే ఆ లయే. దానికి తోడు మన కాళ్లలో కోలాటం ఉంది. కోలాటంలో కోలకు కోల తగలడమే పని, తాళం మీద తగిలితే అది గెలుపు. కోలాటం ఆడిన పిల్లలు సినవాలిని తొందరగా పట్టేస్తారు, వాళ్ల చేతులు మారడానికి జంకవు. కానీ వాళ్ల చూపు కర్ర మీదే ఉంటుంది. ఎదుటి కర్ర ఎక్కడుంటే అక్కడికి తమ కర్ర పంపిస్తారు. సినవాలిలో కర్ర కర్రకు తగలడం మీరిద్దరూ క్షేమంగా ఇంటికి వెళ్లడానికి చేసుకున్న ఏర్పాటు. దెబ్బ వెళ్లవలసింది కణత మీదికి, మోకాలి మీదికి, అన్నిటికంటే ముందు కర్ర పట్టిన చేతి మీదికి.

ఆ ఏర్పాటును ఒక పద్ధతిగా పాదుకొల్పినవారిలో ముఖ్యులు రెమీ ప్రెసాస్. 1936లో నెగ్రోస్ ఓక్సిదెంటల్‌లోని హినిగరన్‌లో పుట్టి, మోడర్న్ అర్నిస్‌ను స్థాపించి, 1970ల్లో అమెరికా వెళ్లి, 2001లో కన్నుమూసిన గురువు. పాత పద్ధతిలో సాధనలోనే ఎదుటివాడి చేతిని కొట్టేవారు. వేళ్లు వాచి, కణుపులు చితికి కొత్తవాళ్లు మానేసేవారు. చేతికి బదులు కర్రనే కర్రతో కొట్టండని ప్రెసాస్ మార్చారు. విద్య అందువల్లే బడుల్లోకి, ఊళ్లలోకి పాకింది. ఆ మార్పు లేకపోతే ఈ వ్యాసం చదివేవాళ్లే ఉండేవారు కారు. అయితే ఆయన మార్చింది గమ్యాన్ని కాదు, సాధనలో దెబ్బ తగిలే చోటును. ఇది మరిచిపోయినవాళ్లు ఒకరికొకరు రెండు గజాల దూరంలో నిలబడి, నడుమ గాలిలో కర్రలు కలిపి మోగిస్తుంటారు. ఒకడు పక్కకు తప్పుకుంటే రెండోవాడి కర్ర ఎవరికీ తగలదు, తగిలే దూరంలో వాడు లేనే లేడు.

అందుకని అరడుగు దగ్గరికి జరగండి. మీ కర్రను ఆపడానికి ఎదుటి కర్ర రాకపోతే మీ కర్ర కొస నిజంగా అతని కణత దగ్గరికి చేరేంత దూరంలో నిలబడండి. చేరేంత దూరంలో ఉండి, చేరకుండా ఆపగలిగేంత నెమ్మదిగా కొట్టండి. మీ చూపు అతని కర్ర మీద కాక అతని రొమ్ము మీద ఆనాలి. అక్కడి నుంచి రెండు భుజాలూ కనిపిస్తాయి, కర్ర కంటే ముందు భుజం కదులుతుంది.

తర్వాత లెక్క ఆపేయండి. ఒకటి రెండు మూడు అని గురువు అంటుంటే ఆ లెక్కకు కొట్టడం మొదటి వారానికి చాలు. ఆ తర్వాత మీ జతగాడితో ఒక ఒప్పందం చేసుకోండి: ఎప్పుడో ఒకప్పుడు, చెప్పకుండా, ఒక దెబ్బ ఎగ్గొట్టాలి. కర్ర రావలసిన చోటికి కర్ర రాదు. అప్పుడు మీ కర్ర ఏమైంది? ఈ ఒక్క క్షణంలో తెలిసేది నెలలపాటు టకటకలాడించినా తెలియదు. చాలామందికి కర్ర అటువైపు దూసుకుపోయి భుజాన్ని, నడుమును వెంట లాక్కుపోతుంది, వీపు ఎదుటివాడికి అప్పజెప్పినట్టవుతుంది. ఇన్నాళ్లూ ఎదుటి కర్రే మీ కర్రను ఆపిపెడుతోందన్నమాట. ఆపడం మీ మణికట్టుకు రాలేదు. ఇంకొందరికి కర్ర గాలిలోనే బిగుసుకుంటుంది, తర్వాత ఏ చెయ్యి లేవాలో తోచదు. వీళ్లకు వరస చేతుల్లోకి రాలేదు, పాటలాగా కంఠతా వచ్చింది. నడుమ ఒక చరణం జారిపోతే మళ్లీ మొదటి నుంచి అందుకోవాల్సిందే.

ఈ తప్పు కనబడినప్పుడు వేగం పెంచి దాటేయడం అందరూ చేసే పని. మీరు తగ్గించండి. ఎంత తగ్గించాలంటే, ఎగ్గొట్టిన దెబ్బ తర్వాత మీ కర్ర కణత ఎత్తులో ఆగి, అక్కడి నుంచే వెనక్కి మళ్లేంత. ఆ మళ్లిన దెబ్బ ఎడమ చేతిదైతే మరీ మంచిది. జతగాడు ఎడమ చేతి దెబ్బలనే ఎక్కువగా ఎగ్గొట్టేట్టు ముందే మాట్లాడుకోండి. మొదట్లో ఇద్దరికీ చిరాకు వస్తుంది, పక్కన సాధన చేసేవాళ్ల లయ అందంగా వినిపిస్తుంటే మీది అడుగడుక్కీ తెగిపోతుంటుంది. తెగనివ్వండి. ఎవరైనా చూడటానికి వస్తే వాళ్ల కోసం లయ అందుకోకండి.

వేగం కోసం విడిగా సాధన చేయవద్దు. వేగంగా కొడుతున్నప్పుడు దెబ్బ దారి కురచవుతుంది, కర్ర భుజం దాకా వెళ్లకుండా సగంలోనే తిరిగొస్తుంది, పని మోచేతి మీద పడుతుంది. మోచేతి నొప్పితో మూలన కూర్చున్నవాళ్లలో ఎక్కువమంది తొందరపడ్డవాళ్లే.

రెండో వరస అడగవద్దు. ఇది చెప్పినప్పుడే నాతో ఎక్కువ వాదిస్తారు. సింగిల్ సినవాలి, డబుల్ సినవాలి, రివర్స్, రెదోండా, హెవెన్ సిక్స్, వాటి కలగలుపులు, శాఖకొకటి చొప్పున లెక్కలేనన్ని ఉన్నాయి. వారానికొకటి నేర్పితే నేర్చుకునేవాడికి ముందుకు పోతున్నట్టుంటుంది, నేర్పేవాడికి విద్యార్థి నిలుస్తాడు. ఇద్దరికీ బాగానే ఉంటుంది, ఎడమ చేతికి తప్ప. కొత్త వరస వచ్చిన ప్రతిసారీ బుర్ర వరసను గుర్తుపెట్టుకునే పనిలో పడుతుంది, ఎడమ చెయ్యి మళ్లీ కుడి చెయ్యి వెనకే నడుస్తుంది. ఆరు దెబ్బల వరస ఒక్కటే పట్టుకోండి. ఎడమ చేత్తో మొదలుపెట్టండి. నాలుగో దెబ్బ నుంచి మొదలుపెట్టండి. నడిమి దెబ్బను ఎదుటివాడి మోకాలికి దించండి, తర్వాత పొట్ట ఎత్తుకు తెండి. కర్ర కొసతో కొట్టిన దెబ్బను పున్యోతో కొట్టేట్టు లోపలికి రండి. ఒక దెబ్బ స్థానంలో అబానికో వేయండి. విసనకర్ర విసిరినట్టు మణికట్టుతో అటూ ఇటూ వేసే దెబ్బ అది. ఇద్దరూ మాట్లాడుకుంటూ వేయండి. ఎదుటివాడు అడిగిన ప్రశ్నకు జవాబు చెబుతూ కూడా చేతులు తప్పకపోతే, అప్పుడు రెండో వరస గురించి ఆలోచించవచ్చు. ఏడాది పట్టినా తొందరేమీ లేదు. ఇన్ని విధాలుగా చేసిన ఒక్క వరసలో మిగతా వరసలు సగానికి సగం దొరుకుతాయి కూడా.

కాళ్ల సంగతి. నేలలో పాతిన రాటలా నిలబడి చేతులు ఆడించడం మొదటి రోజు నుంచే మానేయండి. ఫిలిపినో గురువులు అడుగులను త్రికోణాల మీద నేర్పుతారు. శిఖరం దగ్గర రెండు పాదాలూ కలిపి నిలబడి, ఎడమ ముందుకో, కుడి ముందుకో ఏటవాలుగా వేసే అడుగు అది. దెబ్బకు ఎదురెళ్లకుండా, వెనక్కి పారిపోకుండా పక్క నుంచి ముందుకు వెళ్లే దారి. మన ఊళ్లలో కర్రసాము చేసినవాళ్లకు ఇక్కడ మంచి పట్టు ఉంటుంది, వాళ్ల కాళ్లు ఒకచోట ఆగవు, నడుము తిరుగుతుంది. చిక్కల్లా చేతులతోనే వస్తుంది. మనిషెత్తు కర్రను రెండు చేతులతో పట్టిన అలవాటు కొద్దీ రెండు కర్రలనూ ఒకే కర్రలా జంటగా తిప్పుతారు. వాళ్లకు కూడా మందు అదే, ఒకటి పక్కన పెట్టడం.

కర్ర ఖరీదైనది కొనవద్దు. అర్నిస్ సాధనకు వాడేది పేము, మన కుర్చీలు, ఊయలలు అల్లే జాతి తీగే. లోపల వెదురులా బోలు ఉండదు, గట్టిగా నిండుగా ఉంటుంది. దెబ్బలకు పీచులు పీచులుగా లేస్తుంది గానీ వెదురులా పదునైన చీలికలుగా విరిగి కంట్లోకి ఎగరదు. పేము సామాను చేసేవాళ్ల దగ్గర బొటనవేలి కంటే కొంచెం లావున్న ముక్కలు రెండు అడిగి, సమానంగా కోయించి, కొసలు గుండ్రంగా అరగదీసుకుంటే సరిపోతుంది. కమగోంగ్, బహి లాంటి గట్టి చెక్క కర్రలు చూడటానికి నిగనిగలాడుతూ బాగుంటాయి. జతగాడితో సాధనకు అవి పనికిరావు, పేము కర్రను చితక్కొడతాయి, తప్పిపోతే ఎముకను విరగ్గొడతాయి. పీచు లేచిన కర్రను పారేయకండి, టేపు చుట్టి వాడండి. ఎక్కడ పీచు లేచిందో చూస్తే మీరు కర్రలో ఏ భాగంతో కొడుతున్నారో తెలుస్తుంది. కుడి కర్ర కొస దగ్గర, ఎడమ కర్ర నడుమ దగ్గర అరిగి ఉంటే, ఎడమ చెయ్యి ఇంకా దూరం అంచనా వేయలేకపోతోందని అర్థం.

ఇంకొకటి. రెండు కర్రలతో పోరాటం గెలవవచ్చన్న నమ్మకాన్ని వదిలేయండి. 1521 ఏప్రిల్ 27న మక్తాన్ దీవిలో నావికుడు మాగెల్లన్‌ను చంపిన, అక్కడి నాయకుడు లాపులాపు మనుషులు ఈ విద్యతోనే గెలిచారని శిబిరాల్లో కథ చెబుతారు. ఆ పోరులో ఉండి బతికి బయటపడి, దాన్ని రాసిపెట్టిన పిగాఫెత్తా రాతలో వెదురు ఈటెలు, బాణాలు, రాళ్లు, కత్తులు కనిపిస్తాయి. సినవాలి గానీ, ఏ విద్య పేరు గానీ కనిపించదు. విద్యకు గౌరవం రావడానికి ఆ కథ అవసరం లేదు. నేటి సంగతే చూడండి. 1989లో సెబూలో తొలి ప్రపంచ పోటీలు జరిపిన వెకాఫ్ సంస్థ పోటీల్లో శిరస్త్రాణాలు, మెత్తని కవచాలు తొడుక్కుని రెండు కర్రలతో తలపడతారు. గంట కొట్టిన కాసేపటికి ఆరు దెబ్బల వరస ఎక్కడా కనబడదు. మిగిలేది ఊపిరి, కాళ్లు, ఎడమ చెయ్యి. రెండు చేతులూ సమానంగా కొట్టగలిగినవాడు ఎదుటివాడికి రెండు వైపులా పని పెడతాడు. ఎడమ చెయ్యి చచ్చుబడ్డవాడు రెండు కర్రలు పట్టినా ఒక్క కర్రతోనే ఆడుతున్నట్టు లెక్క.

అందుకే సాధన చివర కర్రలు రెండూ పడేసి, అదే వరస ఖాళీ చేతులతో కొంతసేపు వేయండి. మణికట్టు మీద అరచేతితో, మోచేతి మీద ముంజేతితో, దవడ వైపు పిడికిలితో. ఫిలిపినో విద్యలో కర్రకూ చేతికీ కదలిక ఒకటే. కర్ర బరువు లేనప్పుడు ఎడమ చెయ్యి ఎక్కడికి పోతుందో గమనించండి. పొట్ట దగ్గర వేలాడిపోతుంటే మరునాడు మళ్లీ ఒక్క కర్ర, ఎడమ చెయ్యి.

ఒక్క విషయంలో మాత్రం లోకం చెప్పే మాటే నాదీ. కళ్లకు రక్షణ లేకుండా జతగాడి ఎదుట నిలబడకండి. పేము కర్ర చీలికలుగా విరగదన్నాను గానీ, పీచు ముక్క ఎగరదని అనలేదు. అరడుగు దగ్గరికి జరగమన్నాను, దెబ్బ ఎగ్గొట్టమన్నాను, ఈ రెంటివల్లా ప్రమాదం కొంత పెరుగుతుంది. పని స్థలాల్లో వాడే గట్టి పారదర్శక కళ్లద్దాలు రెండు కర్రల ఖరీదు కూడా ఉండవు. అవి రెండు జతలు కొని, ఒక జత జతగాడికి ఇచ్చి, ఆ తర్వాతే కర్ర పట్టండి.